రిటర్న్ టికెట్ లేకపోతే ఫ్లైట్ ఎక్కనివ్వరా అక్కా?

జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు రాశాడు. ఉత్తరం పెద్దది, అసలు విషయం ఉన్న ముక్కలు మాత్రం ఇక్కడ పెడుతున్నా:

"అక్కా, నాకు 25 ఏళ్ళు. హైదరాబాద్‌లో మూడేళ్ళు ఉద్యోగం చేసి కొంత డబ్బు వెనకేసుకున్నా. నవంబర్ మధ్యలో జాబ్ మానేసి మూడున్నర నెలలు ఒక్క బ్యాగు వేసుకుని తిరగాలని ఉంది. బ్యాంకాక్‌కి వన్‌వే టికెట్, అక్కడి నుంచి లావోస్, వియత్నాం, కంబోడియా, తర్వాత మలేషియా, చివర్లో బాలి, అక్కడి నుంచి ఇంటికి. ఎక్కడ ఎన్ని రోజులుంటానో ముందే తెలీదు. మా రూమ్మేట్ ఏమో రిటర్న్ టికెట్ గానీ ఆ దేశం దాటి పోయే టికెట్ గానీ లేకపోతే శంషాబాద్‌లోనే ఆపేస్తారంటున్నాడు. మరి అన్ని దేశాలకీ ముందే టికెట్లు కొనాలా? ఇంకో ఫ్రెండ్ పాత టికెట్ పీడీఎఫ్‌లో పేరు, డేటు మార్చి ఇస్తా అంటున్నాడు, పర్లేదా? బస్సు టికెట్ చూపిస్తే ఒప్పుకుంటారా? నా పాస్‌పోర్ట్ 18 ఏళ్ళప్పుడు దుబాయ్ పోదామని తీసింది, అందులో ఈసీఆర్ అని ఉంది, దానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా? అమ్మ బాగా భయపడుతోంది అక్కా."

తమ్ముడూ, మీ రూమ్మేట్ చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. ఆపేది ఎవరు, ఎందుకు ఆపుతారు అన్నది తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమైపోతుంది, అందుకని ముందు అక్కడి నుంచి మొదలుపెడతా.

నిన్ను మొట్టమొదట అడిగేది థాయిలాండ్ ఆఫీసర్ కాదు, ఇక్కడే శంషాబాద్‌లో చెక్‌ఇన్ కౌంటర్ వెనకాల కూర్చున్న ఎయిర్‌లైన్ అమ్మాయో అబ్బాయో. ఎందుకంటే అవతలి దేశం నిన్ను లోపలికి రానివ్వకపోతే నిన్ను వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత తీసుకెళ్ళిన ఎయిర్‌లైన్‌ది, చాలా దేశాలు దాని మీద జరిమానా కూడా వేస్తాయి. ఇది ఇవాళ పుట్టిన రూల్ కాదు, దేశాల మధ్య విమాన ప్రయాణాల మీద 1944లో కుదిరిన షికాగో ఒప్పందం కింద ఉన్న నిబంధనల్లోనే ఆ బాధ్యత ఉంది. అందుకే కౌంటర్‌లో నీ పాస్‌పోర్ట్ తీసుకుని వాళ్ళు టిమాటిక్ అనే డేటాబేస్ చూస్తారు, అది ఐఏటీఏ అనే ఎయిర్‌లైన్స్ సంఘం వాళ్ళది, ఏ దేశం పాస్‌పోర్ట్‌కి ఏ దేశంలో ఏం కావాలో అందులో ఉంటుంది. అందులో "రిటర్న్ లేదా ఆన్‌వర్డ్ టికెట్ ఉండాలి" (ఆన్‌వర్డ్ అంటే ఆ దేశం దాటి పోయే టికెట్) అని కనిపిస్తే నిన్ను అడుగుతారు, లేదంటే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. అక్కడ నువ్వు "నేను బ్యాక్‌ప్యాకర్‌ని, బస్సులో బోర్డర్ దాటుతా" అని ఎంత నిజం చెప్పినా, ఆ మనిషికి కావాల్సింది నీ ప్లాన్ కాదు, తన కంపెనీకి ఫైన్ పడకుండా చూపించుకునే ఒక కాగితం. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకు, వాళ్ళ ఉద్యోగం అది.

ఇది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను ఒకసారి అక్కడ ఇరుక్కున్నా. 2018లో కౌలాలంపూర్ నుంచి బాలి వెళ్తున్నా, అప్పుడు ఇండోనేషియా మనవాళ్ళకి వీసా ఫ్రీ. బాలి నుంచి జావా మీదుగా సింగపూర్ పక్కనున్న ఇండోనేషియా దీవి బాటమ్ దాకా వెళ్ళి అక్కడి నుంచి ఫెర్రీలో సింగపూర్ వెళ్దామని నా ప్లాన్, సింగపూర్ వీసా కూడా చేతిలో ఉంది, కానీ ఫెర్రీ టికెట్ కొనలేదు, అక్కడికెళ్ళి కొనుక్కోవచ్చు కదా అని. కౌంటర్‌లో ఆవిడ చాలా మర్యాదగానే చెప్పింది, ఇండోనేషియా నుంచి బయటికి పోయే టికెట్ చూపించండి, లేకపోతే బ్యాగు తీసుకోలేను అని. కౌంటర్ మూయడానికి ఇంకా అరగంట ఉంది. పక్కకొచ్చి ఫోన్‌లో టికెట్ బుక్ చేస్తుంటే కార్డు ఓటీపీ అడిగింది, నా ఇండియా సిమ్ ఏమో తీసేసి పర్సులో పెట్టుకున్నా, ఫోన్‌లో ఉన్నది మలేషియా సిమ్! చెవి దిద్దు కాడతో ట్రే తీసి సిమ్ మార్చి, నెట్‌వర్క్ పట్టేదాకా నించుని, ఓటీపీ వచ్చేసరికి సెషన్ అయిపోయి, మళ్ళీ మొదటి నుంచి చేసి, అప్పటికి రేటు పెరిగి, చివరికి నేను ఎప్పుడూ ఎక్కని ఒక ఫ్లైట్‌కి టికెట్ కొన్నా. ఆ అరగంట గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడగానే ఉంటుంది. నీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఈసీఆర్ సంగతి, ఎందుకంటే నీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే, నువ్వేమో చివర్లో ఊరికే అడిగినట్టు అడిగావు. ఈసీఆర్ అంటే పదో తరగతి పాస్ సర్టిఫికెట్ లాంటివి చూపించకుండా తీసుకున్న పాస్‌పోర్ట్‌కి పడే ముద్ర, అలాంటి పాస్‌పోర్ట్‌తో కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్ళాలంటే మన ప్రభుత్వం క్లియరెన్స్ కావాలి. మన జిల్లాల్లో ఈసీఆర్ అనగానే దుబాయ్, సౌదీ, కువైట్ అనుకుంటారు గానీ ఆ 18 దేశాల లిస్టులో థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఉన్నాయి. అంటే నువ్వు వెళ్దామనుకున్న ఆరు దేశాల్లో మూడు అందులోనే ఉన్నాయి. టూరిస్టుగా వెళ్తే క్లియరెన్స్ అక్కర్లేదు, కానీ రిటర్న్ టికెట్ చూపించాలి. ఈసారి అడిగేది ఎయిర్‌లైన్ కాదు, మన ఇమిగ్రేషన్ ఆఫీసర్.

వాళ్ళు అడగడానికి కారణం కూడా తెలుసుకో. ఉద్యోగం పేరు చెప్పి మన పిల్లల్ని బ్యాంకాక్ విమానం ఎక్కించి అక్కడి నుంచి కంబోడియాకో మయన్మార్ బోర్డర్‌కో తీసుకెళ్ళి పాస్‌పోర్ట్‌లు గుంజుకుని సైబర్ మోసాలు చేయించిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు నీకు గుర్తుండే ఉంటుంది, అందులో మన తెలుగు పిల్లలు ఎంతమందో. 2025 మార్చిలో మయన్మార్ బోర్డర్ దగ్గరున్న థాయిలాండ్ ఊరు మేసాట్ నుంచి మన ఎయిర్‌ఫోర్స్ విమానాల్లో వందల మందిని వెనక్కి తెచ్చారు. ఇప్పుడు నువ్వే ఆ ఆఫీసర్ కుర్చీలో కూర్చుని చూడు: 25 ఏళ్ళ అబ్బాయి, ఒక్కడే, మొదటిసారి విదేశం, ఈసీఆర్ పాస్‌పోర్ట్, ఉద్యోగం మానేశాడు, బ్యాంకాక్‌కి వన్‌వే టికెట్, మధ్యలో కంబోడియా. ఆపకుండా ఎలా ఉంటాడు? ఆపితే నీ మంచికే ఆపినట్టు. అమ్మ భయపడటంలో కూడా తప్పేం లేదు, ఆవిడ టీవీలో చూసింది కూడా ఇవే వార్తలు కదా.

కాబట్టి ఏ టికెట్ కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది. నీ టెన్త్ సర్టిఫికెట్ తీసుకుని పాస్‌పోర్ట్ రీఇష్యూకి పెట్టు, ఈసీఆర్ తీసేయమని. మామూలుగా 36 పేజీలదానికి 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. నువ్వు హైదరాబాద్ రానక్కర్లేదు, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో కూడా సేవా కేంద్రాలున్నాయి. అదే చేత్తో ఇంకోటి చూసుకో, మనవాళ్ళ పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు అన్నీ కలిపి ఒకే గడిలో రాసేసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తుంటారు, నీదీ అలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో. టికెట్ మీద పేరు ఒకలా పాస్‌పోర్ట్‌లో ఒకలా ఉంటే కౌంటర్ దగ్గర ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాల్సొస్తుంది. కొత్త పాస్‌పోర్ట్ వస్తే నంబర్ మారుతుంది, కాబట్టి వీసాలూ టికెట్లూ అన్నీ అది చేతికి వచ్చాకే.

ఇప్పుడు టికెట్ల విషయం. నీ రూట్ చూశాక నాకు తోచింది ఏంటంటే, నువ్వు ఆ చుట్టుని అటు నుంచి ఇటు తిప్పితే సగం సమస్య ఉండదు. నీ లెక్క ప్రకారం మొదట బ్యాంకాక్ విమానంలో, అక్కడి నుంచి లావోస్ రోడ్డు మీద. అంటే శంషాబాద్ కౌంటర్‌లో థాయిలాండ్ దాటే టికెట్ అడిగితే నీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు, వాడని టికెట్ ఒకటి కొనాలి. అదే తిప్పి చూడు.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్. మలేషియా మనకి 2023 డిసెంబర్ నుంచి 30 రోజులు వీసా ఫ్రీ, 2026 చివరి దాకా పొడిగించారు, కానీ వెనక్కి గానీ ఇంకో దేశానికి గానీ పోయే టికెట్, ఉండే చోటు, ఖర్చుకి డబ్బు ఇవి చూపించగలగాలి అని షరతు. నీ దగ్గర కౌలాలంపూర్ నుంచి బాలి టికెట్ ఉంటుంది, అది నువ్వు నిజంగా ఎక్కబోయే ఫ్లైటే. తర్వాత కౌలాలంపూర్ కౌంటర్‌లో బాలికి ఎక్కేటప్పుడు ఇండోనేషియా దాటే టికెట్ అడుగుతారు, వీసా ఆన్ అరైవల్‌కి, అంటే అక్కడ దిగాక ఇచ్చే వీసాకి, అది అధికారికంగానే ఉన్న రూల్, అక్కడ బాలి నుంచి హోచిమిన్ సిటీ టికెట్ చూపిస్తావు, దానితోపాటు వియత్నాం ఈవీసా (ఆన్‌లైన్‌లో తీసుకునే వీసా) ప్రింట్. అదీ నువ్వు ఎక్కేదే. వియత్నాం ఈవీసా 90 రోజులకి ఇస్తారు, ఒకసారి వెళ్ళేదానికి 25 డాలర్లు, ఎన్నిసార్లయినా వెళ్ళేదానికి 50. నువ్వు 50 డాలర్లది తీసుకో, ఎందుకంటే హోచిమిన్ నుంచి బస్సులో మోక్‌బాయ్ బోర్డర్ దాటి కంబోడియా వెళ్ళి, అంకోర్‌వాట్ చూసుకుని, మళ్ళీ వియత్నాం వచ్చి, నిదానంగా హోయాన్, హ్యూ, హనోయ్ దాకా పైకి పోవచ్చు. హనోయ్ నుంచి లావోస్‌కి బస్సు, రాత్రీ పగలూ కలిపి దాదాపు రోజంతా పడుతుంది, నడుం పట్టేస్తుంది గానీ ఎయిర్‌లైన్ కౌంటర్ ఉండదు. లావోస్‌లో 2021 డిసెంబర్‌లో మొదలైన కొత్త రైలు ఉంది, లువాంగ్ ప్రబాంగ్ నుంచి వియంటియాన్‌కి హాయిగా రావచ్చు. వియంటియాన్ నుంచి ఫ్రెండ్‌షిప్ బ్రిడ్జ్ మీద మెకాంగ్ నది దాటితే నోంగ్‌ఖాయ్, అది థాయిలాండ్. అక్కడి నుంచి రాత్రి రైల్లో బ్యాంకాక్, బ్యాంకాక్ నుంచి హైదరాబాద్.

చూశావా, ఇందులో పారేసే టికెట్ ఒక్కటి కూడా లేదు. మొత్తం నాలుగు విమాన టికెట్లు, నాలుగూ నువ్వు ఎక్కేవే: హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, కౌలాలంపూర్ నుంచి బాలి, బాలి నుంచి హోచిమిన్, ఆఖర్న బ్యాంకాక్ నుంచి హైదరాబాద్. ఆ ఆఖరి టికెట్ ఇప్పుడే కొనేయ్, డేట్ మార్చుకునే వీలున్న ఫేర్ చూసి, కొంచెం ఎక్కువైనా సరే. మన ఇమిగ్రేషన్‌లో అడిగితే ఇంటికొచ్చే టికెట్ ఉందని చూపిస్తావు, నోంగ్‌ఖాయ్‌లో థాయ్ ఆఫీసర్ అడిగితే అదే చూపిస్తావు, బాలి కౌంటర్‌లో "వియత్నాం నుంచి ఎలా వెళ్తావు" అని ఎవరన్నా అడిగినా అదే చూపించి, కంబోడియా బస్సు టికెట్ కూడా పక్కన పెడతావు. ఒక్క టికెట్ మూడు చోట్ల పనికొస్తుంది. అమ్మకి కూడా చూపించు, కొడుకు ఫలానా తేదీకి ఇంటికొస్తాడని కాగితం మీద ఉంటే ఆవిడకి ఎంత ధైర్యమో.

నీకు స్వేచ్ఛ పోతుందని బాధ ఉండొచ్చు, ఎక్కడ ఎన్నాళ్ళుంటానో తెలీదు అన్నావు కదా. కానీ ఈ చుట్టులో డేట్ కట్టేసినవి మలేషియా, బాలి మాత్రమే, రెండూ కలిపి నలభై రోజుల లోపు. హోచిమిన్‌లో దిగిన రోజు నుంచి బ్యాంకాక్‌లో ఎక్కే రోజు దాకా రెండు నెలలకి పైగా నీ ఇష్టం, అంతా రోడ్డూ రైలే, ఏ ఊరు నచ్చితే ఆ ఊళ్ళో ఉండిపోవచ్చు. ఒక్కటే గుర్తుపెట్టుకో, జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు వియత్నాం వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ వస్తుంది, ఆ వారం మన సంక్రాంతికి బస్సులు ఎలా ఉంటాయో అలానే, సీటు దొరకదు. ఆ తేదీ చూసుకుని ముందే ఎక్కడో ఒకచోట కుదురుకో.

రోజుల లెక్క దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఆన్‌వర్డ్ టికెట్ అంటే ఏదో ఒక టికెట్ కాదు, నీకు ఇచ్చే రోజుల లోపల ఆ దేశం బయటికి పోయే టికెట్. బాలిలో వీసా ఆన్ అరైవల్ 30 రోజులు, దిగిన రోజే ఒకటో రోజు కింద లెక్క. నువ్వు 32వ రోజుకి టికెట్ చూపిస్తే "అక్కడికెళ్ళాక పొడిగించుకుంటా" అన్నా కౌంటర్ వాళ్ళు వినకపోవచ్చు, పొడిగింపు నిజంగానే ఉన్నా సరే. 25, 26 రోజులకి పెట్టుకో. ఒక రోజు ఎక్కువ ఉంటే ఇండోనేషియాలో రోజుకి పది లక్షల రుపియా ఫైన్, వీసా ఖర్చే 5 లక్షల రుపియా, అంటే ఒక్క రోజు ఆలస్యానికి రెండు వీసాల డబ్బు. అలాగే బాలి నుంచి జకార్తా టికెట్ ఆన్‌వర్డ్ కాదు, అదీ ఇండోనేషియానే. చెప్తే నవ్వొస్తుంది గానీ కౌంటర్ దగ్గర ఇలాంటివి చూపించి ఆగిపోయినవాళ్ళని నేను చూశా. థాయిలాండ్ మనకి 2024 జులై నుంచి వీసా లేకుండా 60 రోజులు ఇచ్చింది, దాన్ని తగ్గించాలని 2025లోనే వాళ్ళ దగ్గర మాటలు మొదలయ్యాయి, అందుకని నువ్వు 30 రోజుల లోపే లెక్క వేసుకో, టికెట్లు కొనే రోజున ప్రతి దేశం రూల్ ఇంకోసారి చూసుకో.

ఇంకో మెలిక, ఆన్‌వర్డ్ టికెట్ ఏ దేశానికి ఉందో ఆ దేశంలోకి నీకు వెళ్ళే హక్కు ఉందా అని కూడా అడగొచ్చు. సింగపూర్‌కి చవగ్గా దొరికింది కదా అని కొంటే, మనకి సింగపూర్ వీసా కావాలి కాబట్టి అది చూపించమంటారు. మనకి అన్నిటికన్నా గట్టి ఆన్‌వర్డ్ టికెట్ ఇండియాకి వచ్చే టికెట్టే, ఎవరూ నోరెత్తరు.

ఇక పీడీఎఫ్ మార్చే సంగతి. వద్దు తమ్ముడూ, అస్సలు వద్దు. ఆ ఫ్రెండ్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటాడు, కానీ టికెట్ మీద ఉన్న పీఎన్‌ఆర్ కొట్టి ఎయిర్‌లైన్ సైట్‌లో చూడటానికి కౌంటర్ వాళ్ళకి అర నిమిషం చాలు. కాగితం అబద్ధమని తేలితే అది టికెట్ లేకపోవడం కాదు, దొంగ పత్రం చూపించడం. టికెట్ లేదంటే కొనుక్కుని రమ్మంటారు, దొంగ పత్రమైతే పోలీసుల దాకా పోతుంది, అవతలి దేశంలో దొరికితే వెనక్కి పంపడమే కాక తర్వాత ఏ వీసా ఫారం నింపినా "ఎప్పుడైనా నిరాకరించారా" అన్న ప్రశ్నకి అవును అని రాయాలి. నాలుగు వేలు మిగుల్చుకోవడానికి ఇంత పెట్టుబడి ఎందుకు?

దీనికీ అద్దె టికెట్లకీ తేడా ఉంది, అది కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుంది. వెయ్యి, పదిహేను వందలు తీసుకుని నీ పేరు మీద నిజంగానే సీటు రిజర్వ్ చేసి రెండు రోజులు ఉంచే సైట్లు ఉన్నాయి. అది నకిలీ కాదు, పీఎన్‌ఆర్ సైట్‌లో కనిపిస్తుంది. కాకపోతే చాలావాటిలో రిజర్వేషన్ మాత్రమే, డబ్బు కట్టి టికెట్ ఇష్యూ అయి ఉండదు. పెద్ద ఎయిర్‌లైన్స్ టికెట్‌కి 13 అంకెల నంబర్ ఉంటుంది, ఎయిర్ ఇండియాదైతే 098తో మొదలవుతుంది, అది లేదని పట్టుకునేవాళ్ళు పట్టుకుంటారు. ఫ్లైట్ లేట్ అయ్యో క్యాన్సిల్ అయ్యో గడువు దాటిపోతే అవతల దిగేసరికి ఆ పీఎన్‌ఆర్ ఉండదు. బాగా తిరిగినవాళ్ళు, పాస్‌పోర్ట్ నిండా స్టాంపులున్నవాళ్ళు వాడుకుంటారు, నేనూ ఒకట్రెండు సార్లు వాడా, గండం గడిచింది గానీ మనసు మాత్రం కుదుటపడలేదు. ఎందుకంటే ఆఫీసర్ "ఈ ఫ్లైట్ ఎక్కుతావా" అని సూటిగా అడిగితే అబద్ధం చెప్పాలి. మొదటిసారి వెళ్తున్న నీకు నేను అది చెప్పను. ఇంకో వెయ్యి, రెండు వేలు కలిపితే ఆ ప్రాంతంలో బడ్జెట్ ఎయిర్‌లైన్స్‌లో నిజమైన టికెట్టే వస్తుంది చాలాసార్లు.

రీఫండబుల్ టికెట్ కొని తర్వాత క్యాన్సిల్ చేసే పద్ధతి కూడా ఉంది, దాంట్లో తప్పు లేదు, కానీ బుకింగ్ సైట్లలో "రీఫండబుల్" అన్న మాట చూసి మోసపోవద్దు, కింద క్యాన్సిలేషన్ చార్జీ ఎంతో చదువు. పైగా విదేశీ కరెన్సీలో కడితే మన కార్డులు చాలావాటికి 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు చార్జీ పడుతుంది, డబ్బు వెనక్కొచ్చినా ఆ మార్కప్ రాదు, డబ్బు రావడానికి కూడా రోజులు పడుతుంది, ఈలోగా నీ ట్రిప్ డబ్బు అందులో ఇరుక్కుంటుంది.

బస్సు టికెట్, రైలు టికెట్ ఒప్పుకుంటారా అన్నావు. రూల్‌లో విమానమే ఉండాలని సాధారణంగా ఉండదు, కానీ కౌంటర్‌లో కూర్చున్న మనిషికి ఆ బస్సు కంపెనీ పేరు తెలీదు, కంప్యూటర్‌లో చూసుకునే దారి లేదు, ఒకరు ఒప్పుకుంటారు ఒకరు సూపర్‌వైజర్‌ని పిలుస్తారు. దాని మీద ఆధారపడి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళొద్దు, పక్క కాగితంగా ఉంచుకో. రోడ్డు బోర్డర్లలో అసలు టికెట్ అడగడమే తక్కువ. అన్నట్టు థాయిలాండ్, కంబోడియా మధ్య రోడ్డు దాటుదామని మాత్రం ప్లాన్ వేసుకోకు, 2025లో రెండు దేశాలకీ గొడవలు ముదిరి ఆ గేట్లు మూసేశారు, పాత వీడియోలు చూసి కంబోడియా బోర్డర్ ఊరు పోయ్‌పెట్ మీదుగా వెళ్ళొచ్చు అనుకుని టికెట్లు కొనుక్కున్నవాళ్ళ ప్లాన్లన్నీ తలకిందులయ్యాయి. నేను నీ చుట్టుని వియత్నాం వైపు నుంచి వేయడానికి అదీ ఒక కారణం.

కంబోడియా ఈవీసా గానీ ఇంకేదైనా గానీ ప్రభుత్వం సైట్‌లోనే చెయ్. మలేషియాకి, థాయిలాండ్‌కి వెళ్ళేముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, థాయిలాండ్‌ది 2025 మే 1 నుంచి మొదలైంది, రోడ్డు మీద వచ్చేవాళ్ళకి కూడా. రెండూ ఫ్రీ. డబ్బులడిగిందంటే అది వేరేవాళ్ళ సైట్ అని అర్థం. థాయిలాండ్‌లో మనిషికి 20,000 బాత్ చూపించగలగాలి అని రూల్ ఉంది, అందర్నీ అడగరు, అడిగితే చూపించేలా ఉండు. లావోస్, కంబోడియా బోర్డర్లకి చిరగని, మడతల్లేని డాలర్ నోట్లు, రెండు పాస్‌పోర్ట్ ఫోటోలు.

ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే ముందు కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకో, కొత్త కార్డులకి అవి ఆఫ్‌లోనే వస్తాయి. ఇండియా సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించి ఫోన్‌లోనే ఉంచు, బయటి సిమ్ ఈసిమ్ తీసుకుంటే రెండూ ఉంటాయి. నాలుగు టికెట్లు, వియత్నాం వీసా, మొదటి రెండు మూడు రాత్రుల హాస్టల్ బుకింగ్, బ్యాంక్ స్టేట్‌మెంట్, పాత ఆఫీసు రిలీవింగ్ లెటర్, అన్నీ కాగితం మీద ప్రింట్ తీసి ఒక ఫైల్‌లో పెట్టుకో, ఫోన్ చార్జింగ్ అయిపోతే ఇవే నిన్ను ఆదుకునేవి. మన ఇమిగ్రేషన్‌లో ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పు, జాబ్ మానేశాను, దాచుకున్న డబ్బుతో తిరగడానికి వెళ్తున్నా, ఫలానా రోజు వెనక్కొస్తా అని. దాచాల్సింది ఏం లేదు నీ దగ్గర. దారిలో హాస్టల్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఎవరైనా "ఇక్కడే మంచి జీతంతో కంప్యూటర్ జాబ్ ఉంది, బోర్డర్ దాటితే చాలు" అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్, ఆ రాత్రే ఇంటికి ఫోన్ చెయ్.

అదే ఫైల్ ఇంకో కాపీ అమ్మకిచ్చి వెళ్ళు, ఏ తేదీకి ఏ దేశంలో ఉంటావో పైన పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి. పాస్‌పోర్ట్ అప్లికేషన్ ఈ వారమే పెట్టు, నవంబర్ ఇట్టే వచ్చేస్తుంది. కొత్తది చేతికొచ్చాక నువ్వనుకున్న తేదీలు రాసి పంపు, టికెట్లు కొనేముందు రోజుల లెక్క నేను కూడా ఒకసారి చూస్తా.